దారం విప్పని చాచా

మొన్న వానాకాలంలో కోరుట్లలో ఒక ముసలాయన చనిపోయాడు. మట్టి ఇచ్చి తిరిగి వస్తుంటే నా ముందు ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు.

"ఎవరు పోయిండ్రట?"

"గా బ్యాట్లకు దారం చుట్టే సాయబు లేడా, ఆయన."

"అవునా, పాపం."

అంతే. మాట వాన మీదికి మళ్లింది, అక్కణ్నుంచి మక్క ధర మీదికి పోయింది. ఆయన బ్యాట్లకు దారం చుట్టిన మాట నిజమే. కానీ ఒక కట్టెను చేతిలోకి తీసుకొని అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడ విరిగిందో, ఎవరు అతికారో చెప్పిన మనిషి ఆయన. ఒక పాత గోల్ఫ్ కర్ర విషయంలో ఆయన ఎలా తప్పాడో, ఎలా దిద్దుకున్నాడో నేను పక్కనుండి చూశాను. ఇలాంటి కర్రలను ఎలా తయారు చేసేవారో చెప్పే పేజీలు గ్రంథాలయంలో దొరికాయి. కోరుట్లలో ఆ కర్ర ఏం చెప్పిందో ఏ పేజీలోనూ లేదు. నేను రాయకపోతే ఇక ఉండదు. అందుకని రాస్తున్నాను.

ఆయన పేరు మాత్రం రాయను. ఒకసారి మీ గురించి రాస్తాను చాచా అంటే నవ్వాడు. "బ్యాటు మీద కంపెనోని పేరుంటది. కొట్టెటోని పేరు పేపర్ల అస్తది. అతికెటోని పేరు ఏం జేస్కుంటరు? వద్దు" అన్నాడు. అందరిలాగే నేనూ చాచా అనే పిలిచాను. అలాగే రాస్తాను.

నేను పదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ని. జగిత్యాలలో జిరాక్సు దుకాణం నడుపుతాను. బడి ఆగింది కానీ చదువు ఆగలేదు. శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ ఇరవై ఏళ్లుగా సాయంత్రం పూట నాదే. తెలుగులో ఉన్నవి అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టాను. ఏ సంపుటి దొరికితే అది. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఆ గర్వానికి ఈ కథలో పని ఉంది.

చాచాను మొదటిసారి చూసింది ఆ కిటికీ పక్క కుర్చీ వల్లనే. దాని వెనక కాలు విరిగింది. గ్రంథపాలకుడు రాజేశ్వర్ సార్, "నువ్వు బుధవారం బుధవారం బైండింగు పనికి కోరుట్ల పోతవు గదా, అక్కడ బ్యాట్లు బాగుచేసే ఆయన కుర్చీలు కూడా చూస్తడట, పట్టుకపో" అన్నారు. పట్టుకుపోయాను.

ఒక సందు మలుపులో ఒక్క షట్టరు వెడల్పు దుకాణం. పైకప్పు నుండి విరిగిన బ్యాట్లు మక్కకంకులు వేలాడదీసినట్టు వేలాడుతున్నాయి. కింద చాప మీద బక్కపలుచని మనిషి, తెల్ల టోపీలో గుచ్చుకున్న పెన్సిలు. నేను చెప్పేది వినలేదు. విరిగిన కాలు తీసుకొని, విరిగిన చోట బొటనవేలు రాశాడు, పిల్లి తలను నిమిరినట్టు.

"గిది బరువుకు ఇరగలే" అన్నాడు. "ఎనకకు ఊగి ఊగి ఇరిగింది. ఎడమదిక్కు ఒరిగి ఊగుతడు. కుదురుగ కూసోని సదివెటోడు కాదు."

తలెత్తి నా వైపు చూశాడు. "నువ్వేనా?"

"లైబ్రరీ కుర్చీ చాచా. ఎవరెవరో కూర్చుంటరు."

"మంచిది. గా ఎవరెవరికో చెప్పు, ఊగితె మల్ల ఇరుగుతది."

మూడో బుధవారం కుర్చీ తీసుకునేటప్పుడు ఊగేది నేనేనని ఒప్పుకున్నాను. "నాకెర్కనే" అన్నాడు. ఆ రోజు నుండి నాకు ఆయన పెట్టిన పేరు లైబ్రరీ సాబ్.

ఆయన తీర్పులు రెండే. చేతిలోకి తీసుకున్న వస్తువును చూసి "బతుకుతది" అనేవాడు, లేకపోతే "పోనియ్" అనేవాడు. మూడో మాట లేదు. కుడి చెవి సరిగా వినపడేది కాదు. అందుకని బ్యాటు పిడిని పళ్ల మధ్య పట్టుకొని, కళ్లు మూసుకొని, అవతలి కొసను వేలి కణుపుతో కొట్టేవాడు. పగులు ఉంటే దవడకు తెలుస్తుందట. ఆ సమయంలో దుకాణంలో ఎవరూ మాట్లాడకూడదు. గాలిలో కంటే కట్టెలో శబ్దం వేగంగా పోతుందని నేనొకసారి చదివి వచ్చి చెప్పాను. "గందుకే నేను పండ్లతోని ఇంట, నువ్వు చెవులతోని ఇంటవ్" అన్నాడు.

ముత్యంపేట నుండి ఒకతను బ్యాటు తెచ్చాడు, మ్యాచ్‌లో చీలిందన్నాడు. చాచా దాని అడుగు చూశాడు.

"మ్యాచ్ ల గాదు. స్టంపులు దిగగొట్టినవ్ దీనితోని."

"ఒక్కసారే చాచా."

"మూడు స్టంపులుంటయ్. ఒక్కసారి ఎట్లయితది?"

ఇలా ప్రతి బుధవారం ఒక గంట గడిచేది. "కితాబుల ఏమున్నది ఇవ్వాల?" అని ఆయన అడిగేవాడు. నేను ఒక పేజీ చెప్పేవాణ్ని, ఆయన ఒక కట్టె చూపేవాడు. పుస్తకం వైపు తప్పు దొరికితే ఆయనకు సంతోషం. ఆయన వైపు తప్పు దొరికితే నాకు ఇంకా సంతోషం. అలాంటిది ఒక్కసారే దొరికింది.

ఆ రోజు శాంతమ్మ వచ్చింది. వాళ్లది మేడిపల్లి. ఆమె మాత్రం సిరిసిల్లలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. చాచా బ్యాట్ల దారం తెప్పించుకునే సిరిసిల్ల దుకాణం వాళ్లు ఆమెకు ఈయన సంగతి చెప్పారు. పాత చీరలో చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి తెచ్చి చాప మీద విప్పింది. సన్నటి పొడుగు కర్ర, దాని కొసకు మామిడికాయంత నున్నటి కట్టె తల. తల, కర్ర కలిసే చోట నాలుగు వేళ్ల వెడల్పున నల్లటి దారం చుట్టి ఉంది.

"గిది హాకీ కాదు" అన్నాడు చాచా.

"గోల్ఫ్ కర్ర. బంతిని దూరం కొట్టడానికి" అన్నాను నేను.

శాంతమ్మ చెప్పింది. వాళ్ల తాత చిన్నప్పుడే ఊరు విడిచి లష్కరుకు పోయాడు, అంటే సికింద్రాబాదుకు. అక్కడ దొరలు గోల్ఫ్ ఆడే మైదానంలో గడ్డి కోసే పని. ముసలితనంలో ఊరికి వస్తూ ఈ ఒక్క కర్ర తెచ్చుకున్నాడు. అప్పటినుండి ఆ ఇంటికి కట్టెదొంగోళ్లు అని పేరు పడింది.

"మా నాయిన సచ్చేదాంక అన్నడు చాచా, మా తాత గీ కట్టెను తన చేతులతోని చేసిండని. ఊరు నమ్మలే. ఇప్పుడు మా తమ్ముడు కొత్తిల్లు కట్టిండు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం ప్రార్థన పెట్టుకున్నం. వాడేమో గీ కట్టె కొత్తింట్లకు రావద్దంటున్నడు. కట్టె ఉంటేనే మాట ఉంటదట. పొయ్యిల పెడ్తనంటున్నడు."

"నీకేం కావాలె బిడ్డా?"

"తాత చేసిందా, దొరలదా, చెప్పు. తాత చేసిందైతే ఇంట్ల ఉంటది. కాదంటే నేనే తీస్కపోయి వాని చేతుల పెడ్త."

చాచా కర్ర తలను ఒళ్లో పెట్టుకున్నాడు. అడుగున మెరుగు అరిగిపోయిన చోట చాకు మొనతో పెసరగింజంత గీకాడు, ఉమ్మితో తడిపాడు, వెలుగు వైపు తిప్పాడు. లేత రంగు కట్టె. దాని మధ్యన నల్లటి జీర.

"తునికి" అన్నాడు.

తునికాకు లేని ఇల్లు కోరుట్లలో తక్కువ. చాచీ తలుపు అవతల బీడీలు చుడుతూనే ఉంది. ఆయన ఆమెను పిలిచి చూపించాడు. ఆమె చేట ఒళ్లోంచి దించకుండానే, "మేరేకు పత్తా మాలూమ్. లక్డీ తుమారేకు మాలూమ్" అంది. నాకు ఆకు తెలుసు, కట్టె సంగతి నీకే తెలియాలి అని.

శాంతమ్మ ముఖం వెలిగింది. "తునికి మన దిక్కుదే గద. అయితే మా తాత చేసిందే."

నేను ఊరుకోవలసింది. కానీ జి అక్షరం సంపుటి నేను చదివి ఉన్నాను, చదివిన సంగతి చెప్పే అవకాశం మళ్లీ రాదనిపించింది.

"చాచా, పొరపాటు" అన్నాను. "ఈ తలలు పర్సిమన్ అనే చెట్టుతో చేస్తరు. అది అమెరికాలో పెరుగుతది. పుస్తకంలో ఉంది. తల మీద చూడండి, ఇంగ్లీషు అక్షరాల ముద్ర కూడా ఉంది."

ముద్ర నిజంగానే ఉంది. అరిగిపోయి, సగం సగం. శాంతమ్మ దాన్ని చూసింది. ఇంగ్లీషు చదవడం ఆమెకు రాదు, కానీ అది ఇంగ్లీషని తెలుసు. పరిచిన పాత చీర కొసను మెల్లగా మడవడం మొదలుపెట్టింది.

"నీ కితాబు గీ కట్టెను పట్టుకొని సూసిందా?" అన్నాడు చాచా.

"లేదు."

"నేను పట్టుకున్న."

"మరి ముద్ర?"

ఆయన ముద్ర మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు. "ముద్ర గూడ నిజమే" అన్నాడు చివరికి. తర్వాత శాంతమ్మతో, "బిడ్డా, వచ్చే బుధవారం దాంక కట్టె నా దగ్గర ఉండనియ్. నేను తొందరపడ్డ."

ఆమె వెళ్లాక నా వైపు తిరిగాడు. "నువ్వు గూడ తొందరపడ్డవ్ లైబ్రరీ సాబ్. నా తప్పు తియ్యి, వద్దన్ననా? ఆమె ముంగట ఎందుకు తీసినవ్?"

ఆ వారమంతా సాయంత్రాలు నేను కుర్చీలో ఊగలేదు. నా మాటే నిజమని నిరూపించే పేజీ కోసం వెతికాను. ఇంగ్లీషు సంపుటిలో పర్సిమన్ దొరికింది. పక్కన దాని శాస్త్రీయ నామం, డయాస్పైరస్ అని మొదలయ్యే రెండు మాటలు. ఈ మాట ఎక్కడో చూశానే అనిపించింది. తెలుగు చెట్ల పుస్తకం తీశాను. తునికి దగ్గర కూడా రెండు మాటలే. మొదటిది డయాస్పైరస్. రెండోది వేరు.

శాస్త్రజ్ఞులూ మనలాగే ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత రాస్తారు. ఈ రెండు చెట్ల ఇంటిపేరు ఒకటే. ఒకటి అమెరికాలో పండు కోసం పెరుగుతుంది, ఇంకొకటి మన గుట్టల మీద బీడీ ఆకు కోసం. రెండింటికీ లేత కట్టె, నడుమ నల్ల జీర. లోకంలో ఎంతోమంది ఆ కర్ర తలను చూసి ఉంటారు. దాన్ని తునికి అని పొరపాటు పడాలంటే బీడీలు చుట్టే ఊళ్లో పుట్టిన మనిషి కావాలి. ఇది తెలిసిన సాయంత్రం నేను రాజేశ్వర్ సార్‌ను పిలిచి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశారు.

బుధవారం చాచాకు చెప్పాను. ఆయన చప్పుడు లేకుండా నవ్వాడు, భుజాలు మాత్రం ఊగాయి.

"అంటే మనిషిని తప్పు చెప్పిన, ఇంటిపేరు సరిగ్గనే చెప్పిన."

"అవును చాచా."

"మరి తల పరాయిదే."

"పరాయిదే."

శాంతమ్మ అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చొని ఉంది. "అయితే దొరలదే" అంది. ఆమె లేవబోతుంటే చాచా ఆగమన్నాడు.

"తల సంగతే అయ్యింది. మెడ సంగతి కాలే. కితాబుల మెడ ఎట్ల చెప్పిండ్రు, లైబ్రరీ సాబ్?"

నేను చెప్పాను. పాత గోల్ఫ్ కర్రల్లో తలను, కామను, అంటే చేత పట్టే పొడుగు కర్రను, కలిపే పద్ధతులు రెండు. మొదట్లో రెండింటినీ ఏటవాలుగా, పొడుగ్గా కోసి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి, పైన గట్టిగా దారం చుట్టేవారు. తర్వాతి కాలంలో తలకు రంధ్రం తొలిచి, కామ కొసను అందులో దించేశారు. ఏటవాలు అతుకైతే దారం ఎక్కువ మేర కావాలి, రంధ్రమైతే కొంచెం చాలు. దారం వెడల్పును బట్టి లోపల ఏముందో పోల్చుకోవచ్చు.

"నాలుగు వేళ్ల దారం" అన్నాడు చాచా. "అంటే?"

"ఏటవాలు అతుకు."

"మరి గిదేంది?" తలను తిరగేశాడు. అడుగున, మెడకు సరిగ్గా కింద, రూపాయి బిళ్ల కంటే చిన్న గుండ్రటి మచ్చ. వేరే కట్టె కొస. పై నుండి దించిన కామ రంధ్రం దాటి అడుగుదాకా వచ్చి ఆగితే కనిపించే గుర్తు అది. "గిది తొర్రకు దించింది."

పుస్తకం ప్రకారం రెండూ ఒకే కర్రలో ఉండకూడదు. పైన ఏటవాలు, కింద రంధ్రం. నేను నోరు మూసుకున్నాను. ఆయన నా నోరు మూతపడటాన్ని కాసేపు ఆనందించాడు.

"ఇరిగింది" అన్నాడు. "మొదలు తొర్ర కట్టెనే. మెడ దగ్గర ఇరిగింది. ఇరిగిన ముక్క తొర్రల్నే ఉండిపోయింది, అడుగున కనపడేది గదే. ఎవడో దాన్ని తియ్యకుంట, మెడ పొడుగూత ఏటవాలుగ కోసి, కొత్త కామను అట్లనే కోసి, రెండు అంటించి చుట్టిండు. కొత్త కామ ధామన్ కర్ర. కావడి బద్దలకు వాడేది, వంగుతది గని ఇరుగది. గది మన దిక్కుది. ఈసారి ఒక్క రోజు గాదు, వారం రోజులు చూసి చెప్తున్న."

శాంతమ్మ ముందుకు వంగింది. "దారం విప్పి చూడు చాచా. లోపల పక్కాగా తెలుస్తది గద."

"విప్ప."

"ఎందుకు?"

"అతుకు సంగతి నా పండ్లకు తెలిసింది, దాని కొస గీ దారం బయటికి కనపడుతనే ఉంది, ఆవు నాలుక తీర్గ. ఇంక దారం ఎందుకు విప్పాలె? విప్పితె చుట్టిన చేయి పోతది. మల్ల నేను చుడ్త, అది నా చుట్టయితది. గా చేయి సంగతే గద నువ్వు అడిగేది."

పక్కన తాను బాగుచేసిన బ్యాటు పెట్టాడు. రెండింటి దారాలనూ వేలితో చూపించాడు. బ్యాటు మీది వరుసలు ఒక వైపు వాలి ఉన్నాయి. కర్ర మీది వరుసలు దానికి ఎదురు వాలుతున్నాయి. ఎన్నిసార్లు తిప్పి చూసినా అంతే.

"మీ తాత కొడవలి ఏ చేత్తోని పట్టేది?"

"అన్నం కుడిచేత్తోనే తినేటోడట" అంది శాంతమ్మ. "కొడవలి మాత్రం పుర్రచేత్తోని. గందుకే కోతకు వరుసల నిలబడనిచ్చెటోళ్లు కాదట, పక్కోనికి తాకుతదని. ఎవ్వలు కూలికి పిలువకపోతేనే లష్కరుకు పోయిండు. మా నాయిన చెప్పేది."

ఆ దుకాణంలో వేలాడే బ్యాట్లన్నీ కుడి వైపు వాలిన దారాలే. నేను తల ఎత్తి అన్నిటినీ చూశాను.

ఆమె కాగితం అడిగింది. తమ్ముడికి చూపించడానికి, తాత దొంగ కాదని నాలుగు మాటలు. శనివారం తమ్ముణ్నే తోలుకుని రమ్మన్నాడు చాచా.

ఆ మధ్య రెండు రోజులూ నేను మా దుకాణంలో ఒక పరీక్ష పెట్టాను. జిరాక్సుకు వచ్చిన ప్రతివాళ్ల చేతికీ ఒక పెన్సిలు, మూరెడు దారం ఇచ్చి చుట్టమన్నాను. పిచ్చి పట్టిందా అన్నట్టు చూశారు, కానీ చుట్టారు. కుడిచేతి వాళ్లు దాదాపు అంతా ఒక వైపు, ఎడమచేతి వాళ్లు ఎదురు వైపు. ఒక దర్జీ మాత్రం కుడిచేతి మనిషై ఉండి కూడా ఎదురు చుట్టాడు. ఫోనులో చాచాకు చెప్పాను.

"దర్జీలను నమ్మకు" అన్నాడు ముందు. కాసేపాగి, "గట్ల కాదు. రాసేటప్పుడు పుర్రచేతి మనిషి అనే రాయి గని, అనిపిస్తున్నది అని గూడ రాయి" అన్నాడు.

శనివారం శాంతమ్మ వెంట ఆమె తమ్ముడు దేవదాసు వచ్చాడు. తాపీ పని చేస్తాడు, గోళ్ల సందుల్లో సిమెంటు. బెంచీ మీద కూర్చోలేదు.

"నాకు కాగితం వద్దు చాచా. ఊర్ల కాగితం సదివెటోళ్లు లేరు, మాటలనెటోళ్లే ఉన్నరు. ఒక్క మాట చెప్పు. మా తాత దొంగనా, కాదా?"

"కట్టెల లేని మాట నేను చెప్ప."

అక్కడ శాంతమ్మ కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఆగలేక, "దొంగ కాదని రాద్దాం చాచా, ఎవరికేం నష్టం?" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది. ఆ చూపులో కోపం కంటే, ఇంతేనా నువ్వు చదివింది అన్న ఆశ్చర్యం ఎక్కువ.

దేవదాసుతో మెల్లగా అన్నాడు, "కట్టెల ఉన్నది చెప్త, ఇను. గిది మెడ దగ్గర ఇరిగింది. ఇరిగిన కట్టెను దొర ఏం జేస్తడు?"

"పారేస్తడు."

"నేను చెప్పలే. నువ్వే చెప్పినవ్."

దేవదాసు మొండితనం ఇంకా పోలేదు. "అయితే పారేసిన కట్టె. అతుకుల కట్టె. గిది తెచ్చి కొత్తింట్ల పెట్టుకోవాల్నా?"

"పెట్టుకోకు. పొయ్యిల పెడ్తవ్ గద? పొయ్యిల పట్టాలంటె ముందుగాల ఇరవాలె." చాచా కర్ర తీసి అతని చేతికిచ్చాడు. "ఇరువు. అతుకు కాడ్నే ఇరువు."

దేవదాసు రోషంగా మోకాలికి ఆనించాడు. రెండు చేతులతో గుంజాడు. కామ విల్లులా వంగింది, వదలగానే తిరిగి నిటారయింది. మళ్లీ గుంజాడు. మెడ నరాలు తేలాయి. దారం చుట్టిన చోట చప్పుడైనా కాలేదు. శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చాచా ముఖం ప్రశాంతంగానే ఉంది కానీ, చాప మీద ఆయన కాలివేళ్లు ముడుచుకొని ఉండటం నాకు కనిపించింది. మూడోసారి గుంజబోయి దేవదాసు ఆగాడు. బెంచీ మీద కూర్చున్నాడు. అతుకు మీద బొటనవేలు రాశాడు.

"ఎన్నేండ్లయితుండొచ్చు చాచా గీ అతుకు?"

"నా ఈడు ఉంటది. ఎక్కువే ఉండొచ్చు."

"నేను పోయిన్నెల కట్టిన గోడ అప్పుడే పర్రెలిచ్చింది" అన్నాడు దేవదాసు. ఎవరూ నవ్వలేదు, అతనొక్కడే కొంచెం నవ్వాడు. ఆ తర్వాత, "కాగితం రాయుండ్రి. తాత పేరు గూడ పెట్టుండ్రి" అన్నాడు.

చాచా చెప్పాడు, నేను రాశాను. తల పరాయి దేశానిది. కామ మన దిక్కు ధామన్. మెడ దగ్గర విరిగిన కర్రను తర్వాత ఎవరో ఏటవాలు కోసి అతికారు. దారం చుట్టింది పుర్రచేతి మనిషి అనిపిస్తున్నది. అతుకు గట్టిగా ఉంది.

"పేరు?" అన్నాడు దేవదాసు.

"పేరు కట్టె చెప్పలే కొడుకా."

ఎంత బతిమాలినా రాయనివ్వలేదు. దేవదాసు కర్రను చీరలో చుట్టలేదు. తన భుజం మీది తువ్వాలలో చుట్టుకొని, బస్సులో నిలువుగా పట్టుకొని పోయాడని శాంతమ్మ తర్వాత చెప్పింది.

ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా చాచా మొదటి ప్రశ్న, "పర్సిమన్ ఎట్లున్నడు?" అనే. దూరదేశంలో ఉన్న చుట్టం గురించి అడిగినట్టు అడిగేవాడు. బాగున్నడు, మేడిపల్లిలో గోడకు ఉన్నడు అనేవాణ్ని. పోయే ముందు నెల కూడా అడిగాడు. అప్పటికి ఆయన చేతులు వణుకుతున్నాయి, పిడిని పళ్ల మధ్య పట్టలేకపోతున్నాడు. ఒక బ్యాటును అటూ ఇటూ తిప్పి నాకు ఇచ్చి, "నువ్వు ఇను జర" అన్నాడు. పళ్ల మధ్య పట్టుకొని కొట్టి చూశాను. నాకేమీ తెలియలేదని చెప్పాను. "అబద్ధం చెప్పలే, మంచిది" అన్నాడు.

కట్టెదొంగోళ్లు అన్న మాట మేడిపల్లిలో పూర్తిగా పోయిందని చెప్పలేను. ముసలివాళ్ల నోట ఇంకా వస్తుందట. అలా అన్నవాళ్లు ఇంటికి వస్తే దేవదాసు గోడ మీది కర్ర తీసి చేతికిచ్చి విరవమంటాడట. ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు.

ఈ నాలుగు పేజీలు రాయడానికి సాయపడినవాళ్లకు మొక్కుకోవడం మిగిలింది. రెండు పుస్తకాలనూ నెల దాటినా అడగకుండా నా దగ్గర ఉంచిన రాజేశ్వర్ సార్‌కు. వాళ్ల ఇంటి మాట రాయడానికి ఒప్పుకున్న శాంతమ్మకు, ఆమె తమ్ముడు దేవదాసుకు. పెన్సిలుకు దారం చుట్టిన నా గిరాకీలకు, ముఖ్యంగా ఎదురు చుట్టిన దర్జీ సత్తయ్యకు. చాచీకి, ఆమె పేరు రాస్తే ఆయన పేరు రాసినట్టే గనుక రాయలేను.

ఇంకొకరు ఉన్నారు. చాచా ఉండగా ఆ పేరు రాసే ధైర్యం నాకు లేదు. కట్టె చెప్పని మాట రాస్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. కట్టె ఇప్పటికీ చెప్పలేదు. కోతల వరుసలో చోటు దొరకని మనిషి గురించి మనుమరాలు చెప్పింది, నేను నమ్మాను. తప్పయితే అది నాది, చాచాది కాదు. ఆ విరిగిన కర్రను అతికిన మేడిపల్లి పసుల లూకయ్య గారికి నా నమస్కారం.